త్రీ నాట్ త్రీతో టెక్సస్ వేట: తుపాకీ ఎంచుకోవడం నుంచి గోంగూర మాంసం దాకా

మా నాయన వరంగల్‌లో కానిస్టేబుల్‌గా మోసిన తుపాకీకి తోబుట్టువు లాంటిది ఇప్పుడు డాలస్ శివారులో మా ఇంటి ఇనుప బీరువాలో ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్, నంబర్ వన్ మార్క్ త్రీ స్టార్. బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి కింద కుడివైపు ఇత్తడి రంగు తేలిన ఉక్కు మీద కిరీటం, జీఆర్ఐ అక్షరాలు, 1942. మనవాళ్ళు దీన్ని ఎప్పుడూ త్రీ నాట్ త్రీ అనే అన్నారు. నేనూ అలాగే అంటాను.

దీనితో ఇక్కడ అడవిపందుల్ని, చుక్కల దుప్పుల్ని వేటాడి తింటున్నాం. చుక్కల దుప్పి అంటే మన నల్లమలలో తిరిగేదే. 1932లో దాన్ని టెక్సస్‌కు తెచ్చారు. కంచెలు దాటి హిల్ కంట్రీ అనే కొండల ప్రాంతమంతా పాకింది. ఇక్కడ దాన్ని యాక్సిస్ డీర్ అంటారు.

ఇది చదివేవాళ్ళలో ఇండియాలో ఉన్నవాళ్ళూ ఉంటారు కాబట్టి ఒక మాట. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. వేటాడిన మాంసం దగ్గర ఉంచుకోవడమూ నేరమే. .303 (అంటే త్రీ నాట్ త్రీ) అక్కడ ప్రొహిబిటెడ్ బోర్, నిషేధిత రకం, మామూలు లైసెన్సు మీద దొరకదు. కింద రాసిందంతా టెక్సస్‌కే వర్తిస్తుంది.

మొదటి అడుగు: కాగితాలు

తుపాకీ కన్నా ముందు మీ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ చూసుకోండి. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకు పెద్ద చిక్కు లేదు. లైసెన్సున్న షాపులో 4473 ఫారం నింపితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి ఇస్తారు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ళు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకున్నా లెక్కలోకి వస్తుంది. దీనికో మినహాయింపు ఉంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండాలి.

మనవాళ్ళు పడే గుంట ఇక్కడే ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందిని వేటాడటానికి లైసెన్సు అక్కర్లేదు. ‘పందికి లైసెన్సు అక్కర్లేదంట కదా అన్నా’ అని తీసుకోకుండా వెళ్తే, వీసా మీద ఉన్నవాడికి ఆ మినహాయింపు పోతుంది. పంది వేట తప్పు కాదు కానీ, చేతిలో తుపాకీ ఉండటం తప్పవుతుంది. పాతిక డాలర్ల కాగితం కోసం వీసా మీదికి తెచ్చుకోకండి. ఇక్కడి లైసెన్సు సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. మీరు ఎప్పుడు కొన్నా గడువు అప్పటిదాకానే. సెప్టెంబరు 1న కొత్తది చేతిలో ఉండాలి. ఏ చిన్న అనుమానం ఉన్నా వాట్సాప్ గ్రూపులో అడక్కండి, లాయర్‌ను అడగండి.

రెసిడెంట్ లైసెన్సు 25 డాలర్లు. రాష్ట్రంలో ఆరు నెలలకు పైగా వరసగా ఉంటేనే రెసిడెంట్ కింద లెక్క. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. పదిహేడేళ్ళు దాటినవాళ్ళు మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తి చెయ్యొచ్చు. నా సలహా వేరు: ఒకరోజు పోయినా సరే, మనుషుల మధ్య కూర్చుని క్లాసులో చెయ్యండి. ముళ్ళకంచె దాటేటప్పుడు తుపాకీ ఎక్కడ పెట్టాలో బొమ్మ చూస్తే గుర్తుండదు, చేస్తేనే గుర్తుంటుంది.

ఇంట్లో పిల్లలుంటే బీరువా కొన్నాకే తుపాకీ కొనండి. పదిహేడేళ్ళలోపు పిల్లలకు తుపాకీ అందేలా ఉంచడం టెక్సస్‌లో నేరం. తూటాలకు వేరే తాళం.

రెండో అడుగు: తుపాకీని తూకం వెయ్యడం

పాత మిలిటరీ తుపాకీ కొనడం పాత అంబాసిడర్ కొనడం లాంటిది. పైన పెయింట్ చూసి మోసపోతే లోపల ఇంజను ఏడిపిస్తుంది.

ముందు గుర్తులు చదవండి. ఎక్కడైనా డీపీ అని కొట్టి ఉంటే అది డ్రిల్లు నేర్పడానికి పక్కన పెట్టిన తుపాకీ. గోడకు తగిలించుకోవచ్చు, పేల్చకూడదు. గొట్టం ముందు భాగమంతా రాగి తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్ విసరడానికి వాడి అరిగినది. చూడటానికి అందంగా ఉంటుంది. వదిలెయ్యండి. ఇంకో తమాషా ఉంది: పోలీసుల కోసం ఇండియాలో ఈ తుపాకుల్లో కొన్నింటి గొట్టం తొలిచి, గుండును తిప్పే లోపలి మెలి గాడులు తీసేసి .410 తూటాకు మార్చారు. బయటికి అచ్చం త్రీ నాట్ త్రీయే. గొట్టంలో లైటు వేసి చూడండి. లోపల మెలి తిరిగిన గాడులు కనిపించాలి.

తర్వాత బోల్ట్ మీది నంబరు, బాడీ మీది నంబరు ఒకటేనా చూడండి. వేరైతే ఎవరో ముక్కలు కలిపి అమ్ముతున్నారన్నమాట. ఒకటే అయినా సరే, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర హెడ్‌స్పేస్ కొలిపించండి. బోల్ట్ మూసినప్పుడు తూటా అడుగున మిగిలే సందు అది. .303 తూటాకు అడుగున గట్టు ఉంటుంది, ఆ గట్టు మందాన్ని బట్టే ఈ సందు లెక్క. సందు ఎక్కువైతే ఇత్తడి డొక్క చీలి వేడి గ్యాసు మొహం మీదికి రావచ్చు. ఈ కొలతకయ్యే డబ్బు దగ్గర పిసినారితనం చెయ్యకండి. కళ్ళద్దాలు లేకుండా ఎప్పుడూ కాల్చకండి.

చెక్క సంగతి. గొట్టం చుట్టూ ఉన్న ముందు చెక్క ఎండి కుదించుకుపోయి ఉంటే తుపాకీ ఒక్కో గుండును ఒక్కోచోట పెడుతుంది. ఇషాపూర్ తుపాకులకు ముందు చెక్కలో అడ్డంగా ఒక స్క్రూ ఉంటుంది. చెక్క పగలకుండా ఉండటానికి వేసినది అది, ఎవరో చేసిన రిపేరు కాదు. ఉడికించిన అవిసె నూనె పలచగా రాసి వారం ఆరనివ్వండి. ప్యాకింగ్ గ్రీజు బోల్ట్ లోపల స్ప్రింగ్ దగ్గర గడ్డకట్టి ఉంటుంది. మినరల్ స్పిరిట్స్‌తో కడిగితే గానీ చలికాలం పొద్దున టిక్కుమనదు.

1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ వాళ్ళే ఇదే నమూనాలో, మెరుగైన ఉక్కుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు 2ఏ1 అనే తుపాకీ చేశారు. దాని మ్యాగజైన్ పలకలుగా ఉంటుంది, పన్నెండు తూటాలు పడతాయి. అమెరికాలో అదీ దొరుకుతుంది. దాన్ని కొన్నవాళ్ళు షాపులో దొరికే ఘాటైన .308 వేట తూటాలు కుక్కకుండా, 7.62 నాటో తూటా స్థాయిలో ఉన్నవే వాడితే మంచిది. నేను .303 దగ్గరే ఆగాను. దానికి నాయన జ్ఞాపకమే కారణం.

ఒక మనవి: కలప కోసి, ముందు ఇనప టోపీ పీకి, డ్రిల్లు కొట్టి టెలిస్కోప్ బిగించకండి. దూరం కొట్టాలనుకుంటే కొత్త వేట తుపాకీ కొనుక్కోవచ్చు. దీన్ని ఉన్నది ఉన్నట్టు వాడటంలోనే దీని పని ఉంది.

మూడో అడుగు: తూటా

మిలిటరీ తూటాతో వేటాడకూడదు. పాత మార్క్ సెవెన్ తూటా గుండు 174 గ్రెయిన్లు (గుండు బరువును కొలిచే లెక్క), పూర్తిగా గట్టి లోహం తొడుగుతో ఉంటుంది. జంతువు ఒంట్లో వెడల్పవకుండా అటు నుంచి ఇటు దూసుకుపోతుంది. గాయపడిన దుప్పి మైళ్ళు పరిగెత్తి ఎక్కడో చస్తుంది. పాపం మీకు, మాంసం నక్కలకు.

పెట్టె మీద సాఫ్ట్ పాయింట్ అని ఉన్నది కొనండి, మెత్తటి మొనతో ఒంట్లో వెడల్పయ్యే గుండు అది. 150 గ్రెయిన్లవి, 180 గ్రెయిన్లవి దొరుకుతాయి. నేను 180 వాడతాను. ఈ తుపాకీ మీద గురి చూసుకునే చూపు గురుతులు 174 గ్రెయిన్ల గుండుకు చేసినవి, 180 ఆ బరువుకు, ఆ వేగానికి దగ్గర్లో నడుస్తుంది. రెండు మూడు కంపెనీలవి ఒక్కో పెట్టె కొని మీ తుపాకీ ఏది ఇష్టపడుతుందో చూడండి. ఇలాంటి తుపాకులకు ఇష్టాయిష్టాలుంటాయి.

గన్ షోలో చవగ్గా దొరికే 1940ల నాటి మిలిటరీ తూటాలు సాధనకు కూడా ఆశ పెడతాయి. వాటి అడుగునుండే క్యాప్‌లోని మందు పేలాక గొట్టంలో ఉప్పు మిగులుస్తుంది. ఆ ఉప్పు గాల్లో తేమ పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది. మామూలు గన్ ఆయిల్ ఆ ఉప్పును కరిగించదు. కాల్చిన రోజే గరాటు పెట్టి మరిగిన నీళ్ళు పోసి కడగాలి, తర్వాతే నూనె.

నింపేటప్పుడు ఒక కిటుకు. గట్టున్న తూటాలు కాబట్టి, మ్యాగజైన్‌లో పై తూటా గట్టు కింది తూటా గట్టుకు ముందుండాలి. వెనక పడితే రెండూ చిక్కుకుంటాయి, బోల్ట్ కదలదు. నాయనకు ఇది చెప్తే నవ్వాడు. ‘మాకు ట్రైనింగ్‌ల మొదటి రోజే చెప్పిన్రు బిడ్డా’ అన్నాడు.

నాలుగో అడుగు: పేపర్ ప్లేటు

వేటంతటిలోకీ ముఖ్యమైన మెట్టు ఇదే. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

ఎనిమిది తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేట్లు ఒక కట్ట కొనండి. దుప్పి గుండె, ఊపిరితిత్తులు కలిసి దాదాపు ఆ వెడల్పే. బెంచీ మీద సంచి పెట్టుకుని కాల్చడం తుపాకీని సరిచూసుకోవడానికి మాత్రమే. అడవిలో బెంచీ ఉండదు. కాబట్టి సరిచూసుకున్నాక కూర్చుని, మోకాలి మీద, కర్ర ఆనించుకుని, నిలబడి, ఒక్కో పద్ధతిలో ఐదేసి కాల్చండి. 25 గజాలతో మొదలుపెట్టండి. ఐదుకు ఐదూ ప్లేటులో పడితే 50కి, ఆపై 75కి, 100కి జరగండి. ఐదులో ఒకటి బయట పడిందా, దానికి ముందున్న దూరమే మీ హద్దు. నాలుగు పడ్డాయి కదా అని సర్దిచెప్పుకోవద్దు. బయటపడిన ఆ ఐదోది అడవిలో జంతువు పొట్టలో ఉంటుంది.

నాకు కూర్చుంటే 80 గజాలు, నిలబడితే 40. నలభై ఏళ్ళు దాటాక ముందు చూపు పలక మసకబారుతుంది, వయసు మరి. ఈ సంఖ్యలు చెప్పడానికి నేను సిగ్గుపడను. గుండు రెండు మైళ్ళు పోతుంది, నా హద్దు మాత్రం 80 గజాలే.

తుపాకీని సరిచెయ్యడం ఇలా. వెనక చూపు గురుతు 200 గజాల నుంచే మొదలవుతుంది కాబట్టి దగ్గర్లో గుండు కొంచెం పైకి పడుతుంది. నాది 50 గజాల దగ్గర మూడంగుళాలు పైకి కొట్టేది. ముందు పలక ఎత్తు మారిస్తే సరిపోతుంది. గుండు ఎటు తప్పుతుంటే ముందు పలకను అటే జరపాలి: పైకి పోతుంటే ఎత్తైన పలక, ఎడమకు పోతుంటే పలక ఎడమకు. వెనక చూపుకు అలవాటుపడినవాళ్ళకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. గన్‌స్మిత్ దగ్గర ఎత్తుల వారీగా పలకలుంటాయి.

ట్రిగ్గర్ రెండు దశల్లో నడుస్తుంది. మొదట వదులుగా వస్తుంది, తర్వాత గట్టిగా ఆగుతుంది. ఆ గట్టి దగ్గర ఆగి, ఊపిరి సగం వదిలి, మెల్లగా నొక్కండి. బోల్ట్‌ను ముందుకు తోసేటప్పుడు చివర్లో స్ప్రింగ్ బరువు తగులుతుంది. భయంభయంగా కాకుండా తలుపు వేసినట్టు వెయ్యండి. సేఫ్టీ ఎడమవైపు వెనక ఉంటుంది: వెనక్కి తిప్పితే భద్రం, ముందుకు తిప్పితే పేలుతుంది. ఇంట్లో ఖాళీ తుపాకీతో, తూటాలు వేరే గదిలో పెట్టి, రోజూ పది నిమిషాలు ఈ సాధన చేస్తే నెలలో ప్లేటు తేడా చెబుతుంది.

ఐదో అడుగు: చోటు, జంతువు

టెక్సస్ భూమిలో తొంభై అయిదు శాతం దాకా ప్రైవేటుది. అంటే ఎవరో ఒక ర్యాంచ్ యజమానికి డబ్బు కట్టాలి, లేదా స్నేహం చెయ్యాలి. పందులు పొలం తవ్వేస్తుంటే రైతులు సంతోషంగా రానిస్తారు. దుప్పికి మాత్రం ధర ఉంటుంది, కొమ్ముల మగదానికి ఎక్కువ, ఆడదానికి తక్కువ. మనం తినడానికే కాబట్టి ఆడదాన్నే అడగండి. డబ్బు తక్కువ, మాంసం మెత్తన. యాక్సిస్‌కు సీజన్ లేదు, ఏడాదంతా వేటాడొచ్చు, కానీ లైసెన్సు కావాలి. ఇక్కడి సొంత జింక వైట్‌టెయిల్ సంగతి వేరు. దానికి నవంబరు మొదటి శనివారంతో సీజన్ మొదలవుతుంది, చంపిన వెంటనే లైసెన్సులోని ట్యాగు కట్టాలి. దాని నియమాలు పెద్ద పుస్తకం, మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

డబ్బు లేకపోతే హ్యూస్టన్ ఉత్తరాన శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ లాంటి ప్రభుత్వ అడవులున్నాయి. అక్కడ పందికైనా లైసెన్సు, ఏటా కట్టే పబ్లిక్ హంటింగ్ పర్మిట్ కావాలి. నారింజ రంగు చొక్కా, టోపీ తప్పనిసరి. ప్రైవేటు భూమిలో తప్పనిసరి కాకపోయినా నేను వేసుకుంటాను. జింకకు ఆ రంగు మనకు కనిపించినట్టు కనిపించదు, పక్క వేటగాడికి మాత్రం బాగా కనిపిస్తుంది.

పందుల్లో అరవై నుంచి వంద పౌండ్లలోపు ఆడది, లేదా పిల్లది వెతకండి. పెద్ద మగ పంది కూర వండితే వీధంతా తెలుస్తుంది. భుజం మీద మందపాటి గట్టి కవచం కూడా ఉంటుంది. దాన్ని చూసి ఉబ్బితబ్బిబ్బయ్యేవాళ్ళుంటారు, వంటగదికి మాత్రం పనికిరాదు.

మీ హద్దు 80 గజాలైతే, జంతువే ఆ హద్దులోకి రావాలి. వాగు దగ్గర దారులు, తవ్విన తడి మట్టి, కంచె కింద వెంట్రుకలు ఇరుక్కున్న సందులు చూసుకుని గాలి మీ మొహానికి తగిలేలా కూర్చోండి. పంది చూపు మందం, ముక్కు మాత్రం భయంకరం. దుప్పికి కళ్ళు, చెవులు, ముక్కు మూడూ బాగుంటాయి, పైగా మందలో ఒకటి కూత పెడితే అన్నీ పోతాయి. అత్తరు, అగరుబత్తి వాసన ఉన్న బట్టలు వద్దు. నేనొకసారి పొద్దున్నే పూజ చేసుకుని వెళ్ళి ఏమీ కనపడక తిరిగొచ్చాను. అదే కారణమో కాదో పందినే అడగాలి.

ఆరో అడుగు: కాల్చడం, ఆగడం

జంతువు పక్కకు తిరిగి నిలబడి ఉండాలి. ఎదురుగా, వెనక నుంచి, పరిగెత్తుతుండగా కాల్చకండి. దాని వెనక ఏముందో చూడండి: మట్టిగట్టు, ఏటవాలు అయితే సరే. ఆకాశం, రోడ్డు, ఇల్లు, ఇంకో జంతువు ఉంటే తుపాకీ దించండి.

దుప్పికి ముందుకాలు వెనక గీతను పైకి పోనిచ్చి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టండి. పందికి గుండె ఇంకా ముందు, ఇంకా కింద ఉంటుంది, దాదాపు ముందుకాళ్ళ మధ్యన. దుప్పికి పెట్టినట్టు భుజం వెనక పెడితే పొట్టలో తగులుతుంది. నా మొదటి పందిని అలాగే పాడుచేశాను. చీకటిపడ్డాక లైటు పట్టుకుని నాలుగు గంటలు వెతికాం, దొరికింది కానీ పేగు చిట్లి సగం మాంసం పనికిరాలేదు.

కాల్చాక వెంటనే బోల్ట్ ఆడించి మళ్ళీ గురిలో ఉండండి. జంతువు పడిపోతే సరే. పారిపోతే ఎక్కడ నిలబడిందో, ఏ చెట్టు పక్కన మాయమైందో గుర్తుపెట్టుకుని అరగంట కదలకండి. ఈ అరగంట చాలా కష్టం. తర్వాత నెత్తురు చూడండి. గులాబీ రంగులో నురగ ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే ఉంటుంది. ముదురు ఎరుపైతే కార్జం, ఇంకాస్త ఆగండి. పేడ వాసన, పచ్చటి మరక కనిపిస్తే పొట్ట. నాలుగైదు గంటలు ఆగి వెళ్తేనే పడుకున్నచోట దొరుకుతుంది, తొందరపడితే లేచి పోతుంది. పడిన జంతువు దగ్గరికి వెనక నుంచి వెళ్ళి పొడుగాటి కర్రతో కన్ను తాకి చూడండి. రెప్ప కదలకపోతేనే తుపాకీ ఖాళీ చెయ్యండి.

ఏడో అడుగు: కోసి చల్లబరచడం

వేట తుపాకీతో సగం, ఐసుపెట్టెతో సగం. టెక్సస్‌లో నవంబరులో కూడా మధ్యాహ్నం 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ఒంట్లోని వేడి పోకముందే మాంసం చెడిపోతుంది. కారులో రెండు పెద్ద ఐసుపెట్టెలు, నలభై పౌండ్ల ఐసు, రెండు కత్తులు, మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు లేకుండా బయల్దేరకండి.

గ్లౌజులు ఎందుకంటే, ఇక్కడి అడవిపందుల్లో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. నెత్తురు, గర్భసంచి ద్రవాల నుంచి చేతి మీది గాటు ద్వారా మనకు వస్తుంది. నెలల తరబడి జ్వరం, కీళ్ళనొప్పులు పెడుతుంది. కత్తి జారి చెయ్యి తెగితే అక్కడే ఆపి సబ్బుతో కడుక్కోండి. తర్వాత జ్వరం వస్తే డాక్టరుకు ‘పంది కోశాను’ అని చెప్పండి.

మన ఊళ్ళో గొర్రెను కోయడం చూసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. వెనక కాళ్ళకు వేలాడదీసి తోలు తీస్తారు. తేడాలు మాత్రం చెబుతాను. దుప్పి వెనక కాళ్ళ మీద వాసన గ్రంథులుంటాయి, వాటిని ముట్టుకున్న చేత్తో, కత్తితో మాంసం ముట్టుకోవద్దు. గొర్రె కార్జానికి ఉన్నట్టు దుప్పికి పిత్తాశయం ఉండదు, వెతకకండి. పందికి ఉంటుంది, అది చిట్లకుండా తియ్యాలి. పొట్ట కోసేటప్పుడు కత్తి మొన పైకి పెట్టి, రెండు వేళ్ళ మధ్య నడిపించండి. పేగు తెగితే ఆ కూర ఎవరూ తినరు.

కార్జం మీద మచ్చలు, గడ్డలు ఉన్నాయేమో చూడండి. పంది కొవ్వు నీలంగా ఉంటే మొత్తం వదిలెయ్యండి. పందులను చంపడానికి వార్ఫరిన్ అనే విషం కలిపిన ఎరలో నీలి రంగు వేస్తారు, తిన్నదాని కొవ్వులోకి ఆ రంగు దిగుతుంది. ముందు రోజు చుట్టుపక్కల ఎరలు పెట్టారా అని ర్యాంచ్ వాళ్ళనూ అడగండి.

గుండు దూసిన చోట చుట్టూ జానెడు మాంసం కోసి పారెయ్యండి. మనసొప్పదు, తెలుసు. సీసం గుండు తగిలి పగిలినప్పుడు కంటికి కనపడనంత చిన్న ముక్కలు చాలా దూరం పోతాయి. చిన్నపిల్లలు, గర్భిణులు తినే ఇంట్లో ఇంకా ఎక్కువ తియ్యాలి, లేదా రాగి గుండు వాడాలి.

తొడలు, జబ్బలు, వెన్ను పక్కన రెండు పొడుగాటి కండలు, లోపలి చిన్న కండలు, పక్కటెముకలు వేరు చేసి సంచుల్లో పెట్టండి. ఐసు అడుగున, పైన మాంసం, పెట్టె మూల చిల్లు తెరిచి ఉంచి నీళ్ళు బయటికి పోనివ్వండి. మొదటిసారి నేను ఆ చిల్లు తియ్యలేదు. ఇంటికొచ్చేసరికి మాంసం ఎర్రటి నీళ్ళలో నానుతూ తెల్లబడి ఉంది. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువగా మూడు నాలుగు రోజులు ఉంచితే దుప్పి మాంసం మెత్తబడుతుంది. పందిని అంత ఉంచాల్సిన పని లేదు.

ఇవన్నీ రావనుకుంటే ప్రతి చిన్న ఊళ్ళో డీర్ ప్రాసెసింగ్ షాపు ఉంటుంది. తోలుతీసి, కోసి, ప్యాక్ చేసి ఇస్తారు. ముక్కలు ఎముకతో సహా కూర సైజులో కావాలంటే మాత్రం నాలుగుసార్లు చెప్పాలి. వాళ్ళకు ఎముకతో కూర వండుతారని నమ్మకం కుదరదు.

ఆ రాత్రే, పడుకోకముందు తుపాకీ గొట్టంలో గుడ్డ తిప్పి, నూనె రాసి లోపల పెట్టండి. నెత్తురు చేతులతో పట్టుకున్న చోట ఉక్కు తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

ఎనిమిదో అడుగు: పొయ్యి మీదికి

అడవిపందికి ఒకటే నియమం: లోపలి ముక్క 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ దాటాలి. ట్రైకినెల్లా అనే పురుగు కండల్లో ఉండొచ్చు. అడవి జంతువుల్లో ఉండే కొన్ని రకాలు ఫ్రీజర్‌లో పెట్టినా చావవు. గులాబీ రంగు మిగిలేలా కాల్చుకునే పద్ధతులు వద్దు. మనకు ప్రెషర్ కుక్కర్ ఉంది కాబట్టి ఆ భయం లేదు.

గోంగూర పంది మాంసం మా ఇంట్లో ఇలా. కిలో జబ్బ ముక్కలు, ఉప్పు, చెంచా పసుపు, రెండు చెంచాల అల్లంవెల్లుల్లి పట్టించి గంట ఉంచుతాం. కుక్కర్‌లో గ్లాసు నీళ్ళతో ఆరేడు కూతలు. దొడ్డి పందికీ దీనికీ పోలిక లేదు, తిరిగిన కండ, గట్టిగా ఉంటుంది. విడిగా మూకుడులో నాలుగు చెంచాల నువ్వుల నూనె, ఉల్లిపాయలు నాలుగు, పచ్చిమిర్చి పది, ధనియాల పొడి, కారం. ఉడికిన ముక్కల్ని నీళ్ళతో సహా అందులో పోసి దగ్గర పడనిచ్చి, పెద్ద కట్ట గోంగూర విడిగా మగ్గించి కలపాలి. టెక్సస్ ఎండకు పెరట్లో గోంగూర ఏపుగా వస్తుంది కానీ మొదటి మంచుకే చస్తుంది. వేట ఎక్కువగా ఉండేదీ అప్పుడే. అందుకే అక్టోబరులో ఆకు కోసి, నూనెలో మగ్గించి, డబ్బాల్లో ఫ్రీజర్లో పెడతాం. ఈ కూర వండిన రోజు కంటే మర్నాడు బాగుంటుంది.

దుప్పి మాంసంలో కొవ్వు చాలా తక్కువ. పైన ఉండే తెల్ల కొవ్వు నోట్లో మైనంలా అంటుకుంటుంది, దాన్ని, కండ మీది వెండి పొరను గీసెయ్యండి. వెన్ను కండను పలచగా కోసి, మిరియాలు, కరివేపాకుతో వేరుశనగ నూనెలో పెద్ద మంట మీద వేపుడు చెయ్యండి. మూత పెట్టి నీళ్ళు పోశారా, చెప్పుతోలు తయారైనట్టే. తొడ ముక్కలు కూరకు, నల్లి ఎముకలు చారుకు.

మిగిలిన తొడతో ఒట్టి తునకలు. మా నానమ్మ ఉప్పు, పసుపు, కారం పట్టించి దండెం మీద ఎండకు ఆరేసేది. ఇక్కడి తేమలో అది కుదరదు, పైగా బ్యాక్టీరియా భయం. వేలి మందాన పొడుగాటి ముక్కలు కోసి, ముందు ఆవిరి మీద 160 డిగ్రీలు దాటేలా ఉడికించి, తర్వాత డీహైడ్రేటర్‌లో వంచితే విరిగేదాకా ఆరబెట్టండి. దుప్పితోనే చెయ్యండి, పందితో వద్దు. గాజు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే, వానాకాలం సాయంత్రం గుప్పెడు తీసి నలగ్గొట్టి ఉల్లిపాయలతో వేయించుకోవచ్చు.

ప్యాకెట్ల మీద జంతువు పేరు, భాగం, తేదీ పెద్ద అక్షరాలతో రాయండి. పంది తినని స్నేహితులు మీ ఇంటికి భోజనానికి వస్తారు. ఫ్రీజర్లో గడ్డకట్టాక పంది ముక్క, దుప్పి ముక్క చూడటానికి ఒకలాగే ఉంటాయి. మా ఇంట్లో పందికి ఎర్ర టేపు, దుప్పికి తెల్ల టేపు, పంది వండే కుక్కర్ కూడా వేరు.